రఘునాథపల్లి గేటు దాటాక

జులై 7, సోమవారం

ఇది పోయినేడాది డైరీ. మా ఆవిడ ఇందు షాపుకు దారాల కంపెనీ వాళ్లు ఇచ్చారు. వారాలు కలవవు కాబట్టి కొట్టేసి రాసుకుంటున్నాను. ఆఫీసు రిపోర్టులో పట్టనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

ఈ రోజు నుంచి మూడు వారాలు వరంగల్–సికింద్రాబాద్ లైను. పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి. నా పని ఎవరికైనా చెప్తే నవ్వుతారు. సంచిలో నాలుగు ఫోన్లు, ఒళ్లో ల్యాప్‌టాప్, కిటికీ పక్కన సీటు. ఫోన్లు వాటంతట అవే కాల్ చేసుకుంటాయి, మాట్లాడకుండానే పెట్టేస్తాయి. ఎక్కడ కాల్ తెగింది, ఏ టవర్ వదిలి ఏ టవర్ పట్టుకుంది, సెకను సెకనుకూ రాసుకుంటాయి. నేను కాపలా. మా అమ్మ రాములవ్వ ఇప్పటికీ వాడకట్టులో "మావోడు రైల్ల ఫోన్లు మోస్తడు" అని చెప్తుంది. తప్పు కూడా కాదు.

ఎదురు సీటులో మహమూద్ భాయ్ కుదిరాడు. సికింద్రాబాద్‌లో కళ్లద్దాల షాపులో పని. ఇరవై రెండేళ్లుగా రైలు పాసు. నా సంచి చూసి మొదట దొంగ ఫోన్లు అనుకున్నాడట, ఘన్‌పూర్ దాటాక చెప్పాడు.

అతను చూపించాకే ఒక సంగతి గమనించాను. రఘునాథపల్లి దాటిన రెండు మూడు నిమిషాలకు ఒక గేటు వస్తుంది. గేటు తర్వాత పట్టాలు గుట్టను తవ్విన దారిలోకి దిగుతాయి. రెండు పక్కలా రాయే. అక్కడ ఏ ఫోనూ పలకదు. పాసుల వాళ్లందరికీ ఇది తెలుసు. గేటు కనపడగానే బోగీ బోగీ అంతా "ఉంటా మరి", "పెడ్తున్న", "ఖుదా హాఫిజ్" అంటుంది. అరనిమిషంలో ఫోన్లన్నీ జేబుల్లోకి పోతాయి. మహమూద్ భాయ్ కూడా బిడ్డ మహెక్‌తో మాట్లాడుతూ గేటు చూసి ముగించాడు.

"మనం పెట్టేస్తె మాట అయిపోయినట్టు తమ్మీ. తెగితే అట్ల గాదు. ఇంట్లున్నోళ్లు దినమంత ఫికర్ చేస్తరు. ఈ డబ్బాల ఎవ్వలు గూడ గేటు దాటెదాక మాట్లాడరు."

ఆ గేటు దగ్గర కాల్స్ ఎందుకంత తక్కువ ఉన్నాయని మా ఆఫీసులో రెండేళ్లుగా తల బాదుకుంటున్నారు.

జులై 8

గుట్ట దారిలో నిశ్శబ్దం మూడు నిమిషాల నలభై సెకన్లు. నాలుగు ఫోన్లదీ అదే లెక్క.

రాత్రి అన్నం తింటూ ఇందుకు లైను మొత్తం అప్పజెప్పాను. పెండ్యాల పర్వాలేదు. రఘునాథపల్లి తర్వాత సున్నా. జనగామలో మనిషికి ఎక్కువ, టవర్‌కు తక్కువ. ఆలేరు మాత్రం బ్రహ్మాండం, నాలుగు ఫోన్లకు నాలుగూ ఫుల్.

"ఆలేరు మన లైన్‌కు పెండ్లికొడుకన్నట్టు" అంది ఇందు.

"పెండ్లికొడుకే. వంక పెట్టనీకి లేదు."

పద్నాలుగేళ్లుగా నా టవర్ల సోది వింటోంది. ఫాల్స్, పీకో షాపు నడుపుకునే మనిషికి ఇవన్నీ ఎందుకు? అయినా వింటుంది, గుర్తు కూడా పెట్టుకుంటుంది. అది నాకు గర్వం.

జులై 9

ఏసీ బోగీ. కిటికీ దగ్గర సగం సిగ్నల్, తలుపు తీసి నిలబడితే మొత్తం. చలికి చెవి పోటు.

జులై 10

మళ్లీ జనరల్. మహమూద్ భాయ్ పట్టుకున్నాడు. "ఇస్రో వాళ్లు చంద్రుని మీదికెల్లి ఫోటోలు తెప్పిస్తరు. జనగామకెల్లి నా బిడ్డకు మాట పోదు. ఎందుకైతాందో చెప్పు."

చెప్పాను. రైలు ఇనుప డబ్బా, సిగ్నల్ కిటికీల్లోంచి దూరి రావాలి. ఏసీ బోగీ అద్దానికి ఎండను ఆపే పూత ఉంటుంది, అది ఎండతోపాటు సిగ్నల్‌నూ ఆపుతుంది. పైగా టవర్లు వేసింది ఊళ్ల కోసం, హైవే కోసం. రైలు వాటిని వదిలి పొలాల్లో పడి పోతుంది, అక్కడ టవర్ పెడితే మాట్లాడేవాడు ఎవడు, రోజుకు నాలుగు నిమిషాలు పోయే బండి తప్ప. ఇక వేగం. గంటకు నూటపది మీద పోతుంటే ఫోన్ ఒక టవర్ చేయి వదిలి ఇంకోటి పట్టుకోవాలి, పట్టుకునే లోపే అదీ వెనక్కి పోతుంది. ఒక్కడైతే పర్వాలేదు. వెయ్యి మంది ఫోన్లు ఒకే క్షణంలో ఒకే టవర్ తలుపు కొడతాయి. ఊరికి సరిపడా పెట్టిన టవర్ అది, జాతరకు కాదు.

"మరి పట్టాల పక్కపొంటి రైల్వే టవర్లున్నయి గద?"

"అవి డ్రైవర్లు, స్టేషన్లు మాట్లాడుకునేటియి భాయ్. మన ఫోన్లకు కావు."

"సర్కారు బంగ్ల మన గల్లీల ఉంటది. మనం పండుకోరాదు. గంతేనా?"

"గంతే."

"అంటే ఎవ్వల తప్పు లేదన్నట్టు."

అందరిదీ కొంచెం కొంచెం ఉందని చెప్పాను. అతనికి నచ్చలేదు. తప్పు ఒకరిదే అయితే బాగుంటుంది, తిట్టుకోవచ్చు.

ఇంటికి వచ్చేసరికి ఇందు క్యాలెండర్ ముందు నిలబడి ఉంది. "ఇయ్యాలటికి నాలుగేండ్లు" అంది. దేనికి అని అడగలేదు. దత్తత ఫారం నింపింది ఈ రోజే. హన్మకొండ నెట్ సెంటర్‌లో ఎవరి నంబర్ ఇవ్వాలని చిన్న గొడవ కూడా అయింది. నా నంబరే ఇచ్చాం, సిగ్నల్ మనిషిని నేనే కదా. మెయిల్ మాత్రం అక్కడి ఆవిడ అప్పటికప్పుడు ఇందు పేరు మీద తెరిచింది. దాన్ని ఎవరు చూస్తారు.

వరుస వస్తే మెసేజ్ వస్తుంది. నలభై ఎనిమిది గంటల్లో పోర్టల్‌లో ఒప్పుకోవాలి. లేకపోతే ఆ బిడ్డ వేరేవాళ్లకు వెళ్తుంది. మొదటి సంవత్సరం ప్రతి మెసేజ్‌కూ గుండె కొట్టుకునేది. ఇప్పుడు కొట్టుకోదు, అదే మంచిది. నలభై ఒక్క ఏళ్లు వచ్చాయి నాకు.

అమ్మకు కూడా ఇష్టం లేదు. ఫారం నింపి వచ్చిన రోజే అంది, "ఎవల పిల్లనో ఏందో" అని. ఆమె మనసు కష్టపెట్టి ఏం బావుకుంటాం.

జులై 11

ఇందు ఫోన్ చేసింది, ఘన్‌పూర్‌లో. ఫాల్స్ కోసం రామచిలుక పచ్చ దారం తెమ్మంది. గేటు రాకముందే పెట్టేశాను. నేనూ పాసు మనిషిని అవుతున్నట్టున్నాను.

జులై 13, ఆదివారం

బీరువా సర్దుతుంటే కింది అరలో గౌన్లు. నాలుగు. జాకెట్ ముక్కలతో కుట్టినవి. ఒకదానికంటే ఒకటి కొంచెం పెద్దది. ఏడాదికి ఒకటి కుట్టినట్టుంది. ఇందు గుమ్మంలోంచి చూస్తోంది. నేను తలుపు వేశాను.

జులై 14

బండి నలభై నిమిషాలు లేటు. లాగ్ ఫైలు పాడైంది. మళ్లీ చేయాలి.

జులై 16, బుధవారం

పొద్దున 7:38.

రఘునాథపల్లి దాటాం. బండి పది నిమిషాలు లేటు. గేటు దూరంగా కనపడుతోంది. నా సొంత ఫోన్ మోగింది, మెసేజ్. పోర్టల్ వాళ్లది. లింకు నొక్కాను. పేరు తేజస్వి. ఇరవై రెండు నెలలు. ఆడపిల్ల. ఆరోగ్యం బాగుంది. కింద ఫోటో వస్తోంది. పైనుంచి కిందికి మెల్లగా తెర లాగినట్టు. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. అక్కడ గేటు దాటింది.

కళ్ల కింద అంతా బూడిద రంగు. మూడు నిమిషాల నలభై సెకన్లు ఆ కళ్లు చూస్తూ కూర్చున్నాను. పక్కకు చూస్తున్నాయి అవి, ఫోటో తీసేవాళ్ల వైపు కాదు.

సిగ్నల్ వచ్చింది. మిగతా ఫోటో రావాలంటే మళ్లీ నొక్కాలి. నొక్కలేదు. ఫోన్ జేబులో పెట్టాను. మహమూద్ భాయ్ "ఖైరియత్?" అన్నాడు, అంతా క్షేమమేనా అని. ఖైరియత్ అన్నాను.

ఇందు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తితే దొరికిపోతాను. సాయంత్రం ఇంటికి వెళ్లి, కూర్చోబెట్టి, పద్ధతిగా చెప్పాలి. ఫోన్‌లో చెప్పే సంగతా ఇది.

సాయంత్రం.

"పొద్దుగాల మూడుసార్లు చేసిన, ఎత్తలేవు" అంది.

"సిగ్నల్ పోయింది."

"ఏడ?"

"ఆలేరు దగ్గర."

"ఆలేరుల?"

"ఆఁ."

కాసేపు నన్ను చూసి "సరే" అంది. చింతచిగురు పప్పు చేసింది. బాగుంది. టవర్ల గురించి ఏమీ అడగలేదు ఈ రోజు.

చెప్పలేదు. రేపు చెప్తాను. ముందు అమ్మను కనుక్కోవాలి కదా. అమ్మ కోసమే ఆగాను.

జులై 17, గురువారం

ఆఫీసు నుంచి శశాంక్ ఫోన్. గుట్ట దారికి కారణం ఒక్క లైన్‌లో రాసి పంపమన్నాడు. నాకంటే పదేళ్లు చిన్న, మేనేజర్. "సార్, ఒక్క కారణం చాలు, కాలమ్ ఒక్కటే ఉంది" అంటాడు. గుట్ట అని రాయాలా, టవర్ దూరం అని రాయాలా, రైలు అని రాయాలా. రేపు పంపుతా అన్నాను.

బండిలో ఇందు ఫోన్ రాలేదు, పొద్దునా సాయంత్రమూ.

ఇంటికి రాగానే అమ్మ దగ్గర కూర్చున్నాను. వసారాలో కండెలు చుడుతోంది. మేం మగ్గం అమ్మేసి పదేళ్లు దాటినా పక్కింటి పండరికి చుట్టి ఇస్తుంది, చేతులు ఊరుకోవు.

"అమ్మా, ఆ దత్తత సంగతి. ఒకవేళ వస్తే నీకేమన్న ఇబ్బందా?"

రాట్నం ఆపలేదు. "నాకేం ఇబ్బంది? ఇందు నాలుగేండ్ల కిందట్నే నన్నడిగింది. దెచ్చుకోండ్రి బిడ్డా, నేను సూస్త అన్న. నువ్వే ఎన్నడడగలే."

"మరి ఎవల పిల్లనో అన్నవ్ గద ఆ రోజు?"

అప్పుడు ఆపింది. "నేననలే. నువ్వన్నవ్, గీడనే, చెప్పులిడుసుకుంట. నేనిన్న. ఇందు గూడ ఇన్నది."

అమ్మకు మతిమరుపు మొదలైనట్టుంది. డాక్టర్‌కు చూపించాలి.

ఇందు మిషన్ ముందు కూర్చుని ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. సూది కింద బట్ట, చేయి చక్రం మీద. తొక్కడం లేదు.

"ఏమన్న చెప్తవా?" అంది, తల ఎత్తకుండా.

"ఏం లేదు. శశాంక్‌కు రిపోర్టు పంపాలె."

చక్రం తిప్పింది.

రాసింది మళ్లీ చదివాను. మతిమరుపు కాదు. చెప్పులు విడుస్తూ అనడం నాకూ గుర్తుంది. ఫారం నింపి, బస్సు దిగి, నవ్వుతూ వచ్చాం ఇద్దరం. గడపలో నాకు ఉన్నట్టుండి భయం వేసింది. ఆ భయం ఆ మాటగా వచ్చింది. నాలుగేళ్లలో దాన్ని ఎప్పుడు అమ్మ నోట్లో పెట్టానో నాకే తెలియదు.

ఏం భయం? రాస్తే పోతుందేమో. ఆ పిల్ల వస్తుంది, నన్ను చూస్తుంది, నాకు ఏమీ అనిపించదు. అదీ భయం. పక్కకు చూసే ఆ కళ్లు నా వైపు తిరుగుతాయి, నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఇందు దగ్గర నాలుగు గౌన్లు ఉన్నాయి. నా దగ్గర లాగ్ ఫైళ్లు ఉన్నాయి.

రేపు 7:38 వరకు టైముంది.

జులై 18, శుక్రవారం

అంతా వరసగా రాస్తాను. తొందర లేదు ఇప్పుడు.

పొద్దున టిఫిన్ డబ్బా చేతికి ఇస్తూ ఇందు "ఇయ్యాల సిగ్నల్ ఉంటదా?" అంది. మామూలుగానే అంది. ఉంటదన్నాను. గల్లీ చివర ఆటో ఎక్కేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది. రోజూ అలా నిలబడదు.

బండి టైముకే వచ్చింది. ఈ లైనులో అదొక వింత. కాజీపేట దాటాక ఫోన్ తీశాను. పోర్టల్ తెరిచాను. మళ్లీ ఆ సగం ఫోటోనే, పాత పేజీ అలాగే ఉంది. రిఫ్రెష్ కొట్టలేదు. ఒప్పుకుంటున్నాను అనే బటన్ కింద ఎక్కడో ఉంటుంది. అంత దూరం వేలు జరపలేదు.

మహమూద్ భాయ్ ఫోన్ రిపేర్‌కు ఇచ్చాడట. మహెక్‌కు ఈ రోజు ప్రాక్టికల్స్. "తమ్మీ, నీ సంచిల నాలుగున్నయి, ఒకటియ్యి, బిడ్డకు దువా చెప్తా" అన్నాడు. సంచిలోవి మాట్లాడేవి కావు అని నా ఫోనే ఇచ్చాను. ఏ పేజీ తెరిచి ఉందో చూసుకోకుండా ఇచ్చాను.

అతను కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చూశాడు. రోజంతా జనం కళ్లు చూసే మనిషి.

"ఎంత పెద్ద కండ్లు. సగమే వచ్చింది ఫోటో. నీ బిడ్డనా తమ్మీ? ఇన్ని దినాలు చెప్పనే లేదు!"

"అవు. మా బిడ్డే" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. అడిగాడు, వచ్చింది. ఆ మాట బయటికి వచ్చాక లోపల ఏమవుతుందో చూద్దామని ఒక్క క్షణం ఆగాను. ఏమీ కూలిపోలేదు. కాదని దిద్దుకోవాలని అనిపించలేదు, కాదు అంటాడేమో ఎవరైనా అని కోపం కూడా వచ్చింది.

"పేరు?"

"తేజస్వి."

"మాషా అల్లా" అని మహెక్‌తో రెండు మాటలు మాట్లాడి ఫోన్ ఇచ్చేశాడు. రఘునాథపల్లి స్టేషన్ కిటికీలోంచి వెనక్కి పోతోంది. 7:26. నేనే నొక్కేయొచ్చు. బటన్ నా చేతిలోనే ఉంది. కానీ రెండు రోజులు దాచినవాణ్ని ఆమెకు చెప్పకుండా నొక్కితే అది రెండో దొంగతనం. ఇందుకు ఫోన్ చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది.

"ఇందూ."

"చెప్పు."

"మెసేజ్ వచ్చింది. బుధవారం."

మిషన్ చప్పుడు లేదు. ఫ్యాను చప్పుడు మాత్రం వినపడుతోంది.

"పాప. ఇరవై రెండు నెలలు. తేజస్వి అంట. నీకు చెప్పలేదు. సిగ్నల్ లేక గాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నాకు మెయిల్ వచ్చింది. ఆ పొద్దుగాలనే చూసిన. గందుకే మూడుసార్లు చేసిన. ఆలేరుల సిగ్నల్ పోయిందన్నవ్ నువ్వు. ఆలేరుల!"

రెండు రోజులు. పప్పు వడ్డించింది. మిషన్ తొక్కకుండా కూర్చుంది. గుమ్మంలో నిలబడింది. అన్నీ తెలిసి.

గేటు కనపడింది. బోగీలో మొదలైంది, "ఉంటా మరి", "పెడ్తున్న". నేను పెట్టలేదు.

"ఇందూ, 7:38కి టైం అయిపోతది. నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా?"

"ఆగు. ముందుగాల నాకొకటి చెప్పు. నీకు కావాల్నా? నా కోసం గాదు, అవ్వ కోసం గాదు. నీకు..."

తెగిపోయింది.

"కావాలి" అన్నాను. చచ్చిన ఫోన్‌లోకి అన్నాను. మహమూద్ భాయ్ విన్నాడు, పక్కన కూర్చున్న ఉల్లిగడ్డల బస్తా ఆసామి విన్నాడు. వినాల్సిన మనిషి వినలేదు.

టైము చూశాను, 7:29. ఫికర్ లేదు, 7:33కు బయటపడతాం, ఐదు నిమిషాలు మిగులుతాయి అనుకున్నాను. ఈ గుట్టను నాకంటే బాగా కొలిచినవాడు లేడు. నూట ఇరవై దాకా లెక్కపెట్టాను.

బండి ఆగింది.

ముందు ఎర్ర లైటు పడిందట. ఎవరో వంగి చూసి చెప్పారు. రెండు పక్కలా రాయి, దాని మీద వాన తడి, కొంచెం గడ్డి. తలుపు దాకా వెళ్లాను. దిగి గట్టు ఎక్కితే? టవర్ ఆ రాయికి అవతల ఐదు కిలోమీటర్లు, ఎక్కినా దొరకదని నాకంటే ఎవరికి తెలుసు. సంచిలో నాలుగు ఫోన్లు నాలుగూ సున్నా చూపిస్తూ బుద్ధిగా రాసుకుంటున్నాయి.

7:33. 7:35.

మళ్లీ వచ్చి కూర్చున్నాను. నేను ఎన్నిసార్లు అన్నాను ఈ మాట, సిగ్నల్ లేదని. ఆఫీసుకు అన్నాను, బంధువులకు అన్నాను, మొన్న ఇందుకు అన్నాను. అన్నప్పుడల్లా నాకు ఒక నీడ దొరికినట్టు ఉండేది. నిజంగా లేనప్పుడు ఎలా ఉంటుందో ఈ రోజే తెలిసింది.

"గేటు చూడలేదా తమ్మీ?" అన్నాడు మహమూద్ భాయ్ మెల్లగా.

"చూసిన భాయ్."

"మరి?"

"మాట అయిపోలేదు."

టిఫిన్ డబ్బా మూత తీసి ఖీమా సమోసా ఒకటి నా చేతిలో పెట్టాడు. తినలేక పట్టుకుని కూర్చున్నాను.

7:38. ఆ అంకె మారి 39 అవడం చూశాను. ఇందు అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉండిపోయింది. జవాబు రాకపోతే ఇందు ఏం అనుకుంటుంది? తెంపుకున్నాడు అనుకుంటుంది. ఎందుకు అనుకోదు, ఆలేరులో తెంపుకున్నవాణ్ని కదా. ఆమె నొక్కకపోతే తప్పు పట్టలేను. ఆ కళ్లు ఇంకొకరి ఫోన్‌లో తెరుచుకుంటాయి, అంతే. నాకు ఏమీ అనిపించదేమో అని భయపడ్డాను కదా నిన్న. ఆ భయం ఎంత పనికిమాలినదో ఆ నిమిషంలో తెలిసింది. ఏడుపు వచ్చింది. ఉల్లిగడ్డల ఆసామి మొహం తిప్పుకున్నాడు, పెద్దమనిషి.

7:41కి బండి కదిలింది. గుట్ట అయిపోయి పత్తి చేలు వచ్చాయి. 7:43కు ఫోన్‌కు ప్రాణం వచ్చింది. మొదటి మెసేజ్ శశాంక్‌ది: సార్ కారణం పంపలేదు. రెండోది పోర్టల్‌ది. మీరు బిడ్డను రిజర్వ్ చేసుకున్నారు, సమయం 7:31.

మూడోది ఇందుది. "చేసిన. సాయంత్రం జల్ది రా."

మహమూద్ భాయ్‌కు చూపించాను. తెలుగు చదవడం రాదు అతనికి. నా మొహం చదువుకున్నాడు. సమోసా తినమన్నాడు, తిన్నాను.

సికింద్రాబాద్‌లో దిగి, ఆఫీసుకు రాలేనని చెప్పి, తిరుగు బండి ఎక్కాను. ఈ ఒక్క రోజు సంచిలో ఫోన్లన్నీ ఆపేశాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. షాపు షట్టరు సగం దించి ఉంది. ఇందు లోపల నేల మీద కూర్చుని నాలుగు గౌన్లూ పరుచుకుని ఉంది. ఏది సరిపోతుందో చూస్తోంది.

ఆమె పక్కన కూర్చున్నాను. ముందు తిట్టింది. ఎంత తిట్టాలో అంతా తిట్టింది. ఒక్కటీ అబద్ధం కాదు.

తర్వాత అడిగాను. "రెండు దినాలు బటన్ నీ చేతుల్నే ఉన్నది గద. ఎందుకు నొక్కలేవు?"

"నేనొక్కదాన్నే నొక్కితే నాకు బిడ్డయితది. నీకు గాదు. గా పిల్లకు సగం ఇల్లెందుకు? నువ్వు చెప్పకపోయి ఉంటే టైం దాటనిద్దుమనే కూసున్న."

చెయ్యి గౌను మీద నిమురుతూనే చెప్పింది ఆ మాట. ఈ రోజు నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే.

"మరి తెగిపోయింది గద. నేను కావాలన్నది నీకు ఇనపడలే."

"ఇనపడలే."

"మరెట్ల నొక్కినవ్?"

"7:38 అన్నవ్" అంది ఇందు. "నీకు నా పుట్టినరోజు యాదికుండది. గ్యాస్ ఎప్పుడైపోతదో యాదికుండది. నిమిషంతోని సహా యాదికుంచుకున్నవ్ నువ్వు. వద్దనుకున్నోడు నిమిషాలు లెక్కపెట్టుకుంటడా?"

అమ్మ వచ్చి గౌన్లు చూసి, మూడోది సరిపోతుందని చెప్పి వెళ్లింది.

అప్పుడు ఇందు తన ఫోన్‌లో ఫోటో తెరిచింది, పూర్తిది. నేను నా చేత్తో కళ్ల కింది నుంచి మూసి, మెల్లగా కిందికి జరిపాను. ముక్కు వచ్చింది. నోటి చుట్టూ బిస్కెట్ పొడి. మెడలో నల్లపూసల దారం. ఒక చెయ్యి చాచి ఉంది, చేతిలో సగం కొరికిన బిస్కెట్. ఫోటోలో కనపడని ఎవరికో, తను కళ్లు తిప్పి చూస్తున్న ఆ మనిషికి, ఇస్తోంది.

జులై 19

శశాంక్‌కు కారణం రాసి పంపాను. గుట్ట అని.